మాస్టారి మెడ

"మళ్ళీ వంకరే!" అంది డాక్టరమ్మ, అద్దం ముందు నిలబడ్డ డ్రిల్లు మాస్టారి మెడ చూసి.

"పోయినవారం మీరేగా సరిచేసి పంపారు?" అన్నారు మాస్టారు. ఆయన రిటైరయ్యారు గానీ గొంతు ఇంకా రిటైరవలేదు. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "ఎంతమంది పిల్లల్నో నిటారుగా నిలబెట్టినవాణ్ణి. ఇప్పుడు నేనే ఇలా ఒరిగిపోతే ఏం బావుంటుంది చెప్పండి?"

బావుండకపోవడం ఒక్కటే అయితే ఫరవాలేదు. ఆ వంపుకి నరం నొక్కుకుపోయి కుడిచేయి తిమ్మిరెక్కుతోంది. పట్టుకున్న గ్లాసు పట్టుకున్నట్టే జారిపోతోందట.

డాక్టరమ్మది వెన్నుపూసలు సర్దే వైద్యం. పెద్దవాళ్ళ మెడ చటుక్కున తిప్పదు, వేళ్ళతో మెల్లిగా ఒత్తి దారికి తెస్తుంది. తెచ్చినా ఏం లాభం? వారం తిరిగేసరికి కుక్కతోకలా మళ్ళీ కుడివైపుకే. ఎందుకో తెలుసుకుంటే గానీ ఆమెకి అన్నం సయించేలా లేదు.

"దిండు మార్చారా?"

"మార్చాను."

"సంచి ఏ భుజానికి తగిలిస్తారు?"

"సంచే మొయ్యను."

"టీవీ ఎటుపక్క ఉంది?"

"ఎదురుగానే. ఏమిటమ్మా, దొంగని నిలదీసినట్టు అడుగుతున్నారు?"

"దొంగనే వెతుకుతున్నా. ఈసారి మీ ఆవిణ్ణి తీసుకురండి."

తీసుకొచ్చారు. మాస్టారి భుజం దాకా కూడా రాని చిన్న మనిషి. వస్తూనే ఆయన కుడిపక్కన నిలబడి నవ్వింది.

"అమ్మా, రాత్రి మాస్టారు ఎటు తిరిగి పడుకుంటారు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆవిడ నవ్వుతూనే ఉంది. మాస్టారు మెడ కుడివైపు వంచి, ఆవిడ చెవి దగ్గరికి వెళ్ళి, అంత గొంతునీ అణుచుకుని ఆ ప్రశ్న గుసగుసగా చెప్పారు.

"జ్వరమొచ్చి చెవులు పోయాయి," అన్నారు తలెత్తి. "అరిస్తే అంతా గోలగా ఉంటుందట. ఇలా చెబితేనే తెలుస్తుంది."

"దొరికాడు దొంగ!" డాక్టరమ్మ గంతేసినంత పని చేసింది. "ఆవిడ చెవికి మిషను పెట్టించండి మాస్టారూ, మీ మెడ దానంతటదే నిలబడుతుంది!"

"ఓస్, ఇంతేనా! ఇప్పుడే కొంటాను," అంటూ మాస్టారు బండి పిలవడానికి బయటికి పరిగెత్తారు.

డాక్టరమ్మ గోడవైపు తిరిగి చేతులు కడుక్కుంటూ తనలో తాను గొణుక్కుంది. "ఆలస్యం చేస్తే ఆ చేయి పడిపోతుంది, పాపం."

"అయ్యో, అంత మాటనకు తల్లీ!" వెనకనుంచి వినిపించింది. "ఇకమీద ఆయన్ని వంగనివ్వను, నేనే పీటెక్కి వింటాను. ఆ మిషను మాత్రం వద్దని చెప్పు."

డాక్టరమ్మ సబ్బు చేతులతోనే గిరుక్కున తిరిగింది. "మీకు వినిపిస్తోందా?"

ఆవిడ గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "చెవులు ఎప్పుడో బాగయ్యాయమ్మా. ఆ సంగతి తెలిస్తే మళ్ళీ నన్ను గ్రౌండులో పిల్లల్ని పిలిచినట్టే పిలుస్తారు!"