ఇంటి యజమానికి

గేటుకు అంటించిన నోటీసును నర్సు గోటితో గీకి తీసేసరికి ఒక మూల చిరిగిపోయింది.

పైన ‘ఇంటి యజమానికి’ అని ఉంది. కింది వాటాలో మూడేళ్లుగా నీటి బిల్లు కట్టలేదు. వాడుకున్నవాళ్లు కట్టకపోతే ఇంటివాళ్లే కట్టాలి. పదిహేను రోజులు దాటితే కుళాయి కనెక్షన్ తీసేస్తారు. అప్పటికీ కట్టకపోతే ఇల్లు జప్తు.

కింది వాటాలో లాండ్రీ. తెల్లారినప్పటి నుంచీ అక్కడ నీళ్ల చప్పుడు ఆగదు. ఆమె కాగితం పట్టుకుని నేరుగా లోపలికి వెళ్లింది.

“నీళ్లు నువ్వు పారబోసుకుంటే జప్తు నా ఇంటికా?”

లాండ్రీ అతను దుప్పటి పిండుతూనే ఉన్నాడు. ఒకప్పుడు ఆమెను చూస్తే లేచి నిలబడేవాడు.

“మీరెందుకక్కా కంగారు పడతారు? నేను చూసుకుంటాగా.”

“మూడేళ్లుగా చూస్తూనే ఉన్నావు.”

అతను తలెత్తి కప్పు వైపు చూశాడు. “పైన మీ గదుల్లో చెమ్మేమైనా దిగుతోందా?”

“నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి?”

“బావగారు మీకేం చెప్పలేదా?”

“ఏం చెప్పాలి?”

“ఏం లేదులెండి.” మళ్లీ దుప్పటి అందుకున్నాడు.

ఆమె నోటీసు మడిచి పట్టుకుంది. వీధిలోకొచ్చి భర్తకు ఫోన్ చేసింది. ఆయన లారీ మీద వెళ్లి పది రోజులైంది.

“నీటి బిల్లు నోటీసొచ్చింది. ఆఫీసుకి వెళ్తున్నా.”

అవతల లారీ పక్కకు ఆపిన చప్పుడు వినిపించింది.

“నువ్వెళ్లకు. నేనొచ్చాక చూద్దాం.”

“నువ్వొచ్చేలోగా ఇల్లు పోతుంది.”

“నా మాట విను. నీకు దణ్ణం పెడతా, ఆ కాగితం చింపెయ్.”

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన బతిమాలడం ఆమె ఎన్నడూ వినలేదు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ గొంతు చెవుల్లోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలెత్తి తీర్చిన ఇంటప్పు. ఆఖరి వాయిదా కిందటేడే ముగిసింది. ఆ రోజు వంటగది గోడను పసిపిల్లను నిమిరినట్టు నిమిరింది. ఆమె ఆటో ఎక్కింది.

మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా ఒక పెద్దావిడ. నోటీసు చదివి కళ్లజోడు సర్దుకుంది.

“వాడుకున్నది వాడు. కట్టాల్సింది నేనా?” అంది నర్సు.

“రూలంతేనమ్మా. అద్దెకున్నవాడు ఇవాళుంటాడు, రేపు పోతాడు. ఇల్లు కదలదుగా! ఎవరి పేరున ఉంది?”

“మా ఆయన పేరున.”

గుమాస్తా ఇంటి నంబరు కొట్టింది. కంప్యూటర్ వైపు చూసింది, ఆమె వైపు చూసింది, మళ్లీ కంప్యూటర్ వైపు చూసింది.

“కాస్త కూర్చోండమ్మా.” గొంతు మెత్తబడింది.

“కూర్చోవడానికి రాలేదు. నేను కట్టక్కర్లేదని ఒక ముక్క రాసివ్వండి, చాలు.”

“మీరు కట్టక్కర్లేదు.”

నర్సు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. “అడగనిదే అమ్మైనా పెట్టదని ఊరికే అన్నారా! మరి ఎవరు కట్టాలి?”

“ఆ లాండ్రీ ఆయనే.”

“పొద్దున్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదే కదమ్మా!”

గుమాస్తా తల దించుకుంది.

“ఎనిమిది నెలల కిందటే మీ ఆయన ఇల్లు అతనికి అమ్మేశాడమ్మా.”