ఎవరికీ లేని రంగు

ఇన్‌స్పెక్టర్ చిన్న ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల గోరంత పెయింటు పెచ్చు.

“ఈ రంగు మీదేనా మేడమ్?”

ఆమె దాని వైపు సరిగ్గా చూడను కూడా లేదు. అక్కర్లేదు. వంగపండుకీ నేరేడుపండుకీ మధ్య, ఎండలో ఒకలా, నీడలో ఇంకోలా మెరిసే రంగు. పార్సిల్ కంపెనీ కొత్త బ్రాండు కోసం డిజైనరుగా నెలల తరబడి కుస్తీపట్టి తనే పుట్టించిన రంగు. లోగో, వ్యాన్లు, డెలివరీ వాళ్ల చొక్కాలు, పెట్టెలకి అంటించే టేపు, అన్నీ వచ్చే వారం నుంచి ఇదే రంగులో ఊరంతా తిరగాలి.

“మా రంగులాగే ఉంది సార్,” అంది. 

“నిన్న సాయంత్రం పెద్ద బజార్లో ఒక నర్సు సైకిల్ మీద డ్యూటీకి వెళ్తోంది. ఏదో కారు గుద్దేసి ఆగకుండా పోయింది. ఆవిడకి ఇంకా స్పృహ రాలేదు. ఈ పెచ్చు సైకిల్‌కి అంటుకుని దొరికింది. ఊళ్లో పెయింట్లు కలిపేవాళ్లందరికీ చూపించాం. ఒకతను చూడగానే చెప్పాడు, ఇది ఈ పార్సిల్ కంపెనీకి తప్ప ఇంకెవరికీ కలపలేదని.”

పక్క కుర్చీలో ఉన్న పార్సిల్ కంపెనీ ఓనరు ఎగిరిపడ్డాడు.

“మా వ్యాన్లన్నీ ఇంకా తెల్లగానే ఉన్నాయి సార్! ఒక్కదానికైనా రంగు పడితే ఒట్టు!” ఆమె వైపు తిరిగాడు. “ఏంటమ్మా ఇది? ఎవరికీ లేని రంగు కావాలని నీ ప్రాణాలు తోడేశాను. ఇప్పుడు అదే నా ప్రాణం మీదికొచ్చింది!”

“వ్యాన్లకి వెయ్యకపోతే ఈ రంగు ఇంకెక్కడుంది?” ఇన్‌స్పెక్టర్ ఆమెని అడిగాడు.

“ఈ స్టూడియోలోనే సార్. రేకు ముక్కల మీద వేసి చూసుకున్నాను. అంతే.”

అంతే కాదు. రేకు ముక్క చూసి బండి రంగు ఖాయం చెయ్యలేరు. దానికి వంపులున్న ఒళ్లు కావాలి. అది కదలాలి. బజారు దీపాలు దాని మీద జారాలి. అందుకే పోయిన వారం తమ్ముడి పాత కారుకి ఆ రంగు వేయించింది. అది ఇప్పుడు వెనక షెడ్డులో, టార్పాలిన్ కింద ఉంది. ముందు లైటు పగిలిపోయి.

తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. స్టూడియోలో ప్రింట్ల పని చూసేది వాడే. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ప్రింట్ల కాగితాలున్నాయి.

ఇవాళ పొద్దున ఆమె షెడ్డు తలుపు తీసేసరికి వాడు కారుకి ఆనుకుని, నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

“అక్కా, స్టేషన్‌కి వెళ్దాం. చెప్పేద్దాం.”

“నోర్ముయ్. ఆ మాట ఇంకోసారి అన్నావంటే చూడు. ఎవరూ చూడలేదు.”

“ఆవిడ చచ్చిపోతే?”

“నీళ్లు తాగి లోపలికి రా. ఏమీ జరగనట్టు ఉండు.”

చిన్నప్పుడు ఇంట్లో ఎవరు ఏం పగలగొట్టినా ఇద్దరూ ఒకరినొకరు అమ్మకి పట్టించిన పాపాన పోలేదు. ఇవాళొక్క రోజు వాడు నోరు కట్టేసుకుంటే చాలు. గండం గట్టెక్కినట్టే.

“ఆ రేకు ముక్కలు ఒకసారి చూపించండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సొరుగులోంచి ఒకటి తీసిచ్చింది. ఆయన పెచ్చుని దాని పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కొంచెం తేడాగా ఉందే.”

ఆమెకి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. అంతలోనే ఓనరు రేకు లాక్కున్నాడు.

“ఇదెందుకిచ్చావమ్మా? ఇది మరీ ముదురుగా ఉందని నేనే తీసేయించాను కదా! మనం ఖాయం చేసుకుంది వేరే ఉందిగా. అదివ్వు!”

 ఇన్‌స్పెక్టర్ ఆమెనే చూస్తున్నాడు. ఆమె చూపు, ఎంత వద్దనుకున్నా, ఒక్క క్షణం వెనక తలుపు వైపు పోయింది.

“అటువైపు ఏముంది మేడమ్?”

“పాత సామాను సార్. ఎలకలు.”

“ఎలకలైతే మాకేం భయం లేదులెండి,” అంటూ ఆయన నడిచాడు. వెనకే కానిస్టేబుల్. ఆ వెనక అందరూ.

టార్పాలిన్ జరజరా కిందికి జారింది. షెడ్డు కప్పులోంచి పడిన ఎండకి కారు నిగనిగలాడింది.

“అబ్బ, ఏం రంగు!” అనేసి, పగిలిన లైటు చూసి, ఓనరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఈ బండి ఎవరిది?”

“నాది సార్,” అన్నాడు తమ్ముడు.

“తాళాలు?”

“నా దగ్గరే.”

“నిన్న సాయంత్రం బజార్లోకి తీసుకెళ్లారా?”

వాడు తలెత్తాడు. అక్క ముఖంలోకి చూశాడు. ఏదో అడుగుతున్నట్టు, ఇంకాస్త సేపు ఆగుతానన్నట్టు చూశాడు.  కానిస్టేబుల్ వాడి జబ్బ పట్టుకున్నాడు.

“సార్, సార్!” ఆమె చేతులు జోడించింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. “వాడు చిన్నవాడు సార్. కావాలని చేసుండడు. కంగారులో ఆపకుండా వచ్చేసుంటాడు. దయుంచండి!”

తమ్ముడు అలాగే నిలబడిపోయాడు. చేతిలోని కాగితాలు ఒక్కొక్కటే నేల మీదికి జారాయి.

“బండి నాదే సార్,” అన్నాడు మెల్లగా, “కానీ నేను పక్క సీట్లో కూర్చుని ఆపు, ఆపు అని అరుస్తున్నా రోడ్డు వదిలేసి, షాపుల అద్దాల్లో తన రంగు ఎలా మెరుస్తోందో చూసుకుంటూ నడిపింది మా అక్క.”