గేటు లేని క్రాసింగ్

"ఒక్కరేనా? అయితే ఇక్కడ కూర్చోండమ్మా," అంటూ రైల్లో భోజనం వడ్డించే ఓడెల్ ఒక ముసలాయన ఎదురుగా సీటు చూపించాడు.

కోరిన్‌కి ఒంటరిగా తినాలని ఉంది. కానీ రైల్లో భోజనాల పెట్టెలో ఆ ముచ్చట కుదరదు. బల్లకి నలుగురు. ముక్కూ మొహం తెలియని వాళ్ళతోనైనా సరే, కలిసి తినాల్సిందే.

బయట అమెరికాలోని మాంటానా. మంచు, తీగల కంచె, మళ్ళీ మంచు.

"బండి గంటన్నర లేటట కదా?" అంది మర్యాదకి.

"గంటన్నరేనా? అయితే టైముకొచ్చినట్టే," అన్నాడు ముసలాయన.

కోరిన్ నవ్వలేదు. ఒళ్ళో సంచిని ఇంకాస్త దగ్గరకి లాక్కుంది. అందులో అమ్మ కుట్టిన బొంత ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట, ఇలాంటి జనవరిలోనే, తమ్ముడు వెస్లీ ట్రక్కు ఈ దారిలో ఒక గేటు లేని క్రాసింగ్ మీద ఇరుక్కుపోయింది. ఈ బండే గుద్దింది. వాడికి పందొమ్మిదేళ్ళు.

వారం తర్వాత ఇంటికొక ఉత్తరం వచ్చింది. 'మీవాడు ఒంటరిగా పోలేదు. చలేస్తోందంటే నా గ్లౌజులు తొడిగాను. చివరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాను.'

కింద సంతకం లేదు.

నిజంగానే వెస్లీ చేతులకి ఎవరివో తోలు గ్లౌజులున్నాయి. అమ్మ వాటిని దాచింది. ఆ పేరు తెలియని మనిషి కోసం ఏడాదంతా కూర్చుని బొంత కుట్టింది. ఊళ్ళో ఎంతమందిని అడిగినా ఎవరో తెలియలేదు. పోయిన నెల కన్నుమూసేముందు కూడా అదే మాట.

"ఆ బండెక్కి వెళ్ళవే. రైలువాళ్ళలో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. అడుగు. ఇది ఇచ్చేసి రా."

ఎక్కి రోజు కావస్తోంది. ఇంతవరకు కోరిన్‌కి ఎవరినీ అడగడానికి నోరు పెగల్లేదు.

రైలు కూత వేసింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్ళీ ఒకటి పొడుగు. ముసలాయన ఎడమ చేత్తో బల్ల మీద ఆ కూతకి తాళం వేశాడు. ఆ చేతికి రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి.

ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. కిటికీలోంచి ఒక క్రాసింగ్ వెనక్కి పోయింది. అది దాటాకే కూర్చున్నాడు.

"ఏంటది?" అంది కోరిన్.

"పాత అలవాటమ్మా. ముప్పై ఒక్కేళ్ళు ఈ దారిలో ఇంజను నడిపాను."

కోరిన్ చెంచా కింద పెట్టింది.

"డ్రైవరా? ఎవరినైనా గుద్దారా?"

"అన్నేళ్ళు నడిపాక... తప్పదు తల్లీ. బ్రేకు వేసినా మైలు దూరం పోయిగాని ఆగదు."

"మా తమ్ముణ్ణి కూడా ఇక్కడే గుద్దారు. వెస్లీ అని."

ముసలాయన టోపీ బల్ల మీద పెట్టబోయి ఆగిపోయాడు. కోరిన్ అది చూడలేదు. ఇరవై రెండేళ్ళ కోపం ఆమెకి గొంతు దాకా వచ్చేసింది.

"ఆ డ్రైవరు ఒక్క మాట కూడా చెప్పి పంపలేదు. తప్పయిందని కాదు, అయ్యో పాపం అని కూడా లేదు!"

"ఆ ఇంటివాళ్ళతో మాట్లాడొద్దని పైవాళ్ళు గట్టిగా చెప్తారమ్మా."

"చెప్తే? మనిషికి మనసుండక్కర్లేదా? దారినపోయే ఎవరో మహానుభావుడు మంచులో కూర్చుని మావాడి చెయ్యి పట్టుకున్నాడు. గ్లౌజులు తీసి వాడికిచ్చాడు. ఉత్తరం రాశాడు. మనిషంటే ఆయన! మీ డ్రైవరు మాత్రం ఇంజన్లో వెచ్చగా కూర్చుని ఉంటాడు."

ముసలాయన తన సూపు గిన్నె పక్కకి జరిపాడు. సూపు మీద తెట్టు కట్టింది.

"ఆయన కనిపిస్తే ఏం చేస్తారమ్మా?"

కోరిన్ సంచిలోంచి బొంత అంచు బయటికి లాగింది. నీలం, ఎరుపు ముక్కలు. వెస్లీ చొక్కాలవి.

"మా అమ్మ కుట్టింది. ఆయన కాళ్ళ మీద కప్పి రమ్మంది."

ముసలాయన దాన్ని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బాగుందమ్మా," అన్నాడు. టోపీతో కళ్ళొత్తుకున్నాడు.

ఆ జాలి కోరిన్‌కి నచ్చలేదు. ఆమె ఓడెల్‌ని పిలిచింది.

"నన్ను వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఈయన ముందు నాకు ముద్ద దిగదు."

"ఖాళీ లేదమ్మా..."

"ఆమెని కదపకు ఓడెల్," అంటూ ముసలాయనే లేచాడు. "నాకు ఆకలి లేదు. ఎలాగూ హేవర్‌లో దిగిపోతాను."

వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు.

"మీ వెస్లీ చివర్లో భయపడి ఉండడు తల్లీ," అన్నాడు.

"మీకేం తెలుసు?" అంది కోరిన్.

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

హేవర్‌లో బండి ఆగింది. మంచులో ఆయన ఒక్కడే, టోపీ చేత్తో పట్టుకుని, బండి కదిలేదాకా నిలబడ్డాడు. కోరిన్ మొహం తిప్పుకుంది.

ఊరు దాటాక ఓడెల్ బల్ల తుడవడానికి వచ్చాడు. మనసు కాస్త కుదుటపడి, కోరిన్ ఎట్టకేలకు నోరు తెరిచింది.

"ఇరవై రెండేళ్ళ కిందట ఆ క్రాసింగ్ దగ్గర ఒక కుర్రాడు పోయాడు. ఎవరో గ్లౌజులు తీసి వాడికి తొడిగారట. ఆయనెవరో మీకేమైనా తెలుసా?"

ఓడెల్ తుడిచే గుడ్డ ఆగిపోయింది. చల్లారిన సూపు గిన్నె వైపు చూశాడు.

"ఈ లైన్లో తెలియనిదెవరికమ్మా? ఇందాక ఇక్కణ్ణుంచి లేచెళ్ళిన ఆర్విడ్ గారే. ఆ రోజు బండి నడిపిందీ ఆయనే, ఇంజను దిగి పరిగెత్తిందీ ఆయనే, గ్లౌజులిచ్చేసి ఆ చలికి రెండు వేళ్ళు పోగొట్టుకున్నదీ ఆయనే."