డొల్ల మోత

ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మొగుడు రాజ్‌కుమార్ మీద స్వరూపకు ఒకటే ఫిర్యాదు: వంకాయ ముదిరిందో లేదో కూడా ఫోన్‌నే అడుగుతాడు.

ఆ పొద్దున, బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మామ మొండయ్య, పాప పడుకున్న ఊయలకు సరిగ్గా పైనున్న కప్పును కట్టెతో తట్టాడు.

"డొల్ల మోగుతాంది. పొల్లను తొట్టెలకెల్లి తియ్యిండ్రి."

రాజ్‌కుమార్ కప్పును ఫోటో తీసి ఫోన్‌ను అడిగాడు. "పగులే లేదంటాంది బాపూ. గిది బాయి గాదు, ఇల్లు."

"బాయిల గీ మోత ఇన్నోళ్లే ఇంటికొచ్చిండ్రు బిడ్డా."

స్వరూప నిద్రపోతున్న పాపను ఎత్తుకుని వాకిట్లోకి నడిచింది.

ఆమె గడప దాటిందో లేదో, పళ్లెమంత పెచ్చు ఊడి తొట్టెలలో పడింది.

ఫోన్ ఇంకా పగుల్లేదనే చూపిస్తోంది. రాజ్‌కుమార్ తొట్టెల వైపు చూశాడు.

"నాదే తప్పు బాపూ."