తీతువమ్మ బడి

చెరువుగట్టున తుమ్మచెట్టు కింద తీతువమ్మ బడి ఉండేది. కాకిపిల్లలు, కొంగపిల్లలు, పిచ్చుకపిల్లలు అన్నీ అక్కడే చదివేవి. ఆపద వస్తే ఏ పక్షి ఎలా అరుస్తుందో అందరూ తెలుసుకోవాలి. అదే అక్కడ మొదటి పాఠం.

ఒకరోజు తెల్లకొంగ వచ్చి తన పిల్లను పాఠం మధ్యలోనే లేపింది. "ఈ నల్లవాళ్ళ పక్కన కూర్చుంటే మావాడి రంగు మాసిపోతుంది. అయినా కాకి అరుపులు మాకెందుకమ్మా?"

"రంగు ఎక్కడికీ పోదు తల్లీ. అరుపు తెలియకపోతే ప్రాణం పోతుంది," అంది తీతువమ్మ.

కొంగ వినలేదు. కొంగలన్నీ చెరువు మధ్య బండమీద సొంత బడి పెట్టుకున్నాయి. కొంగకు ఒంటికాలిమీద నిలబడడం ఒకరు నేర్పాలా? అక్కడ అదే నేర్పేవి. ఇక్కడ పిల్లలు తగ్గారని పక్షి పెద్దలు తీతువమ్మ బడిని మూసేశారు.

ఎండాకాలంలో గద్ద వచ్చింది. ముందుగా కాకిపిల్ల చూసి, గొంతు పగిలేలా అరిచింది. తనతో చదివిన పిచ్చుకపిల్లలు గబగబా పొదల్లో దూరాయి. బండమీద తెల్లకొంగ పిల్ల కదల్లేదు. గద్ద దాన్ని తన్నుకుపోయింది.

సాయంత్రం కొంగ ఒంటరిగా తుమ్మచెట్టు కిందికి వచ్చింది.

"నేను అరిచాను పిన్నీ," అంది అక్కడే ఉన్న కాకిపిల్ల ఏడుస్తూ. "వాడికి వినపడలేదా?"

"వినపడింది నాయనా. ఎందుకలా అరుస్తున్నాడమ్మా అని నన్నే అడిగాడు. కాకులంతేరా, పట్టించుకోకు అన్నాను."