శౌరయ్య ముక్కు

ఫొటోలో మనిషి సైకిల్ పట్టుకుని చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి ఉన్నాడు.

గద్ద ముక్కు. కలిసిపోయిన కనుబొమలు.

పక్కన ఆడమనిషి. సగం మొహం కొంగు కింద.

"నీ ఫొటోయేగా?" అన్నాడు గవర్నర్‌పేట మెంటల్ డాక్టరు.

"మా నాన్నదండీ. ఉయ్యూరు శౌరయ్య. చచ్చి మూడేళ్లయింది."

డాక్టరు ఎదురుగా కూర్చున్న బాలశౌరిని చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

ముక్కు మార్చే సర్జన్ గారు పంపిస్తే వచ్చాడు బాలశౌరి. బుర్ర బాగుందని ఈయన చీటీ రాస్తేనే ఆయన కత్తి పడతాట్ట.

"ముక్కుకేమయింది? బ్రహ్మాండంగా ఉంది. సినిమాల్లో చేరతావా ఏంటి?"

"లారీ మెకానిక్కునండీ. అందంతో నాకేం పని?"

"మరి?"

"మా అమ్మ నాకు అన్నం పెట్టి గోడకి అంటుకుపోద్దండీ. దండెం మీద చొక్కా తీద్దామని చెయ్యెత్తితే తల దాచుకుంటది. నేనొక్కనాడు కొట్టలేదండీ. మరియతల్లి మీద ఒట్టు."

"మీ నాన్న కొట్టేవాడా?"

"కొట్టేవాడా అని మెల్లిగా అడుగుతున్నారే!"

చెరుకు గడ విరిగేదాకా కొట్టేవాడు శౌరయ్య. విరిగాక జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి కుడితి గోలెంలో పెళ్లాం తల ముంచేవాడు. బుడగలొస్తుంటే నవ్వేవాడు.

ఊరంతా చూసింది. ఒక్కడూ అడ్డం రాలేదు. ఆదివారం చర్చిలో అతనికి ముందు వరసలోనే చోటు.

డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు.

"నీకు ఆపరేషన్ అక్కర్లేదోయ్. జబ్బు మీ అమ్మకి. బయట కూర్చుందిగా, పిలువు. మందు రాస్తా."

"మా అమ్మకా?"

"అవును."

"గోలెంలో ముంచినోడికి ఏ డాక్టరూ మందు రాయలా. మునిగినదానికి రాస్తారా?"

"అరవకు. కూర్చో."

బాలశౌరి కూర్చోలేదు. బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ అందుకున్నాడు.

డాక్టరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

దెబ్బ డాక్టరు మీద పడలేదు.

బాలశౌరి తన మొహం మీదే కొట్టుకున్నాడు. రెండో దెబ్బకి ఎముక పటుక్కుమంది. ఆ తర్వాత ముక్కు ఉన్నచోట ఎర్రటి ముద్ద మిగిలింది. చొక్కా బొత్తాల మీదుగా నెత్తురు కారింది.

"ఇప్పుడు కావాలా ఆపరేషన్?" గది అదిరేలా అరిచాడు. "రాయండి!"

ఆ అరుపుకి తలుపు తోసుకుని వచ్చింది తల్లి తెరేసమ్మ.

"అమ్మా, పోయిందే! ఇటు చూడవే. నాన్న ముక్కు పోయింది!"

ఆమె కొడుకు మొహం చూడలేదు. నెత్తుటి చెయ్యి చూసింది. అందులో గాజుగుండు చూసింది.

తలుపు మూలకి జారి కూలబడింది. రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"తప్పయిపోయిందండీ," అంది కొడుకుతో. "ఇంకెప్పుడూ గడప దాటనండీ. కొట్టమాకండి."

బాలశౌరి రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.