ఫ్రిజ్‌లో తాళాలు

"మీ అక్క ఈ ఇంటి గడప తొక్కనే లేదమ్మా," అని కెమెరా ముందు తేల్చేశాడు హీరోగారి బావమరిది.

ఆ హీరో మీద డాక్యుమెంటరీ తీస్తూ అక్క కనిపించకుండా పోయి రెండేళ్ళయింది. దాన్ని పూర్తిచేద్దామని ఒక్కదాన్నే వచ్చాను.

ఇంటర్వ్యూ అయ్యాక, ఎడిటింగులో మాటల మధ్య అతకడానికి, గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి. రొద పెడుతోందని ఫ్రిజ్ ఆపాను.

ఆయన బల్ల మీదున్న నా కారు తాళాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు. "లేకపోతే వెళ్ళేటప్పుడు దీన్ని మళ్ళీ వేయడం మర్చిపోతావు."

షూటింగుకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అక్క చేసే పని అదే.

ఆయన నా ముఖంలోకి చూశాడు. లేచి, తలుపు గడియ పెట్టాడు.

"ఇక కానివ్వమ్మా. నిమిషం పాటు ఎవరూ మాట్లాడకూడదుగా."